కూస్ బెక్కర్: కట్టిన ఎం-నెట్, కొన్న టెన్సెంట్

దక్షిణాఫ్రికాలో పుట్టిన మీడియా వ్యాపారి బెక్కర్ రెండు దారుల్లోనూ గెలిచారు: సొంతంగా కట్టడం, వాటా కొనడం. 1986లో మొదలైన చందా టీవీ ఛానల్ ఎం-నెట్‌కు అన్నీ సొంతంగా అమర్చుకోవాలి: గజిబిజి చేసిన సిగ్నల్, దాన్ని విప్పే డీకోడర్, నెలనెలా చందా. రోజూ కాసేపు సిగ్నల్ విప్పి ఉచితంగా చూపేవారు. రుచి చూసినవాళ్లే చందాదారులయ్యేవారు. నాకు ఇదే అసలైన ప్రతిభ. అయితే డీకోడర్లకు, సినిమా హక్కులకు డబ్బు ముందే పెట్టాలి, చందాలు మెల్లగా వస్తాయి.

చైనా ఇంటర్నెట్ సంస్థ టెన్సెంట్ అలా కాదు. అప్పట్లో ఆయన నడిపిన మీడియా సంస్థ నాస్పర్స్ చైనాలో చేసిన సొంత ప్రయత్నాలు దెబ్బతిన్నాయి. స్థానిక మార్కెట్ బయటివాళ్లకు అంతుపట్టదు. అందుకే 2001లో సుమారు 3.2 కోట్ల డాలర్లతో 46.5 శాతం వాటా కొని, నిర్వహణ వ్యవస్థాపకులకే వదిలేశారు. లాభం ఊహకందనిది, పగ్గాలు మాత్రం చేతిలో ఉండవు. టీవీ నడపాలనుకునేవారు మొదటిదే చదవాలి.