వీల్‌చైర్‌తో హైదరాబాద్‌లో మూడు రోజులు: నాన్నని ఎన్నిసార్లు ఎత్తాం?

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. షుగర్ ముదిరి మూడేళ్ల కిందట కుడికాలు మోకాలి దిగువన తీసేశారు, అప్పట్నుంచి వీల్‌చైరే. చేతుల్లో బలం బాగానే ఉంది. ఎత్తు కుదిరితే కుర్చీలోంచి మంచం మీదికి, మంచం మీంచి కుర్చీలోకి ఆయనే మారతారు. ఎవరైనా చంకల కింద చేతులు పెట్టి లేపబోతే మాత్రం మొహం మాడ్చుకుంటారు. "నేనేమన్నా బియ్యం బస్తానా?" అంటారు.

పోయిన నెల ఆయన, నేను, మా ఆవిడ విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లి మూడు రోజులుండి వచ్చాం. ఇంట్లో వీల్‌చైర్ మనిషి ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. చోట్లకి మార్కులేయడానికి నా లెక్క ఒకటే: నాన్నని ఎక్కడ ఎత్తాల్సి వచ్చింది, ఎక్కడ రాలేదు.

రైలుతో మొదలుపెడతా. దివ్యాంగుల పెట్టె సాధారణంగా బండి చివర్లో, గార్డు పక్కన ఉంటుంది. తలుపు వెడల్పు, బాత్‌రూమ్ పెద్దది, పట్టుకోడానికి రాడ్లు కూడా ఉంటాయి. అంతా బాగుంది గానీ, మేమెక్కేసరికే లోపల మామూలు జనం కాళ్లు చాపుకుని కూర్చున్నారు. అడిగితే "ముందు స్టేషన్‌లో దిగిపోతాం సార్" అన్నారు, ఆ ముందు స్టేషన్ ఏదో వరంగల్ దాటినా రాలేదు. పైగా ప్లాట్‌ఫామ్‌కీ పెట్టెకీ మధ్య అడుగు పైనే ఎత్తు తేడా, కుర్చీ దొర్లించే ప్రశ్నే లేదు. ఇద్దరు కూలీలు కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు, సికింద్రాబాద్‌లో మళ్లీ అలాగే దింపారు. లెక్క అప్పుడే రెండు.

స్టేషన్ బయట యాప్‌లో క్యాబ్ బుక్ చేశాం. మొదటతను వీల్‌చైర్ అనగానే క్యాన్సిల్ చేశాడు. రెండోతను పాపం వచ్చాడు, డిక్కీ తీస్తే సగం సీఎన్‌జీ సిలిండరే. కుర్చీ మడిచినా పట్టదు. చివరికి ఆటోనే గతి. నిజం చెప్పాలంటే మూడు రోజులూ ఆటోనే మేలనిపించింది. సీటు ఎత్తు కుర్చీకి దగ్గరగా ఉంటుంది, పక్కన రాడ్ పట్టుకుని నాన్న ఒక్క ఊపులో జరిగిపోతారు, మడిచిన కుర్చీ మా కాళ్ల ముందు పెట్టుకుంటే సరి. అయితే డ్రైవర్‌ని ఆగమని ముందే చెప్పాలి. "జర ఆగు పెద్దాయనా, నేను ఎత్తుకుంటా" అని ప్రేమగా మీదికొచ్చేస్తారు. ప్రేమే, కాదనను. ఆ రాడ్ దగ్గర రెండు నిమిషాలు ఓపిక పడితే ఆ ప్రేమతో పని లేదు.

ఇక హోటల్. ఫోన్‌లో అడిగా, ర్యాంప్ ఉందా అని. "ఉంది సార్, లిఫ్ట్ కూడా ఉంది" అన్నాడు. అబద్ధం కాదు, రెండూ ఉన్నాయి. ముందు మూడు మెట్లు, పక్కన ర్యాంప్, అది సామాన్ల ట్రాలీ కోసం కట్టింది. ర్యాంప్‌కి లెక్క ఉంది: ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలి. మూడు మెట్లు అంటే అడుగున్నర ఎత్తు అనుకున్నా పద్దెనిమిది అడుగులు. వీళ్లు దాన్ని నాలుగడుగుల్లో తేల్చేశారు. నేను వెనక నుంచి నెడుతుంటే కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, మా ఆవిడ గట్టిగా అరిచింది, రిసెప్షన్ కుర్రాళ్లిద్దరూ పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు. గదిలోకెళ్లాక అసలు సంగతి తెలిసింది. బాత్‌రూమ్ తలుపు వెడల్పు జానెడు జానెడుగా కొలిస్తే రెండడుగులు, నాన్న కుర్చీ ఇరవై ఐదు అంగుళాలు. ఒక్క అంగుళం తేడా. పైగా తలుపు దగ్గర గట్టు. ఆ రాత్రి నాన్న నీళ్లు తాగలేదు. ఎందుకని అడిగితే "దాహం లేదు" అన్నారు. అర్ధరాత్రి నన్ను లేపి బాత్‌రూమ్‌కి ఎత్తుకెళ్లమని అడగాల్సి వస్తుందని తాగలేదు, నాకు తెలుసు. ఏసీ, టీవీ, పొద్దున ఫ్రీ టిఫిన్ అన్నీ ఉన్న గది అది. మర్నాడే ఖాళీ చేశాం.

మెట్రో దగ్గరికొచ్చేసరికి నాన్న మొహం విప్పారింది. 2017 నవంబర్‌లో మొదలైంది గానీ ఆయన ఎక్కడం ఇదే. సికింద్రాబాద్ ఈస్ట్‌లో కింద నుంచి లిఫ్ట్, టికెట్ గేట్లలో వీల్‌చైర్‌కి వెడల్పైన గేటు, పైన మళ్లీ లిఫ్ట్. ప్లాట్‌ఫామ్, రైలు ఇంచుమించు ఒకే మట్టం. నేను హ్యాండిల్ పట్టుకోబోతే నా చెయ్యి తోసేసి ఆయనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికెళ్లి, వీల్‌చైర్ గుర్తున్న చోట బ్రేకు వేసుకుని కూర్చున్నారు. అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారాలి, అక్కడ రద్దీ చూసి నాకు టెన్షన్, ఆయనకేం లేదు. ఎంజీబీఎస్ దాకా లెక్క సున్నా. దారిలో ఓ మాటన్నారు: "సర్వీసులో ఎంతమంది ముసలాళ్లని తొందరగా ఎక్కండి, తొందరగా ఎక్కండి అని గదిమానో రా. బస్సు మొదటి మెట్టు అంత ఎత్తని నాకు తెలీదు, నేనెప్పుడూ లోపలే ఉన్నాగా."

అయితే మెట్రోకి ఊరుతో అతుకు సరిగ్గా పడలేదు. రెండోరోజు సాయంత్రం వేరే స్టేషన్‌లో దిగాం. లిఫ్ట్ దించి ఫుట్‌పాత్ మీద వదిలేస్తుంది, ఆ ఫుట్‌పాత్ రోడ్డు కంటే అడుగు ఎత్తు, వాలు లేదు. ముందుకెళ్దామంటే ట్రాన్స్‌ఫార్మర్, వెనక్కెళ్దామంటే వరసగా బైకులు. గుడ్డివాళ్ల కోసం వేసిన గీతల పసుపు టైల్స్ తిన్నగా వెళ్లి ఓ జ్యూస్ బండి చక్రం కింద ఆగాయి. ఇరవై కిలోమీటర్లు సుఖంగా వచ్చిన మనిషిని ఆ అడుగు దగ్గర మళ్లీ నలుగురం పట్టుకుని దింపాం. చుట్టూ జనం చూస్తున్నారు. నాన్న ఫోన్ తీసి ఏదో చూస్తున్నట్టు తలొంచుకున్నారు. ఫోన్ స్క్రీన్ వెలగనే లేదు.

సాలార్‌జంగ్ మ్యూజియం మాత్రం తప్పకుండా వెళ్లండి, శుక్రవారం సెలవు, అది చూసుకోండి. లిఫ్ట్ ఉంది, నడవాలు వెడల్పు. ముసుగు రెబెక్కా విగ్రహం ముందు నాన్న చాలాసేపు ఉన్నారు, రాతిలో ఆ పల్చటి ముసుగు ఎలా చెక్కారో అని. మధ్యాహ్నం పన్నెండుకి గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంటలు కొడుతుంది కదా, దానికి జనం బాగా పోగయ్యారు. అందరూ లేచి నిలబడి ఫోన్లు పైకెత్తారు. కుర్చీలో ఉన్న మనిషికి కనిపించేది ముందువాళ్ల వీపులే. అక్కడి గార్డు ఒకాయన మా వైపు చూసి, ఏమీ అడక్కుండా, ముందువాళ్లని పక్కకి జరిపి దారి చేశాడు. ఎత్తలేదు, తొయ్యలేదు, జాలి మాటలు చెప్పలేదు. దారి ఇచ్చాడంతే. నాన్నే వెళ్లారు. చార్మినార్ పైకెక్కే ప్రసక్తి ఎలాగూ లేదు, కింద వాహనాలు రాని చోట రాతిపలకల మీద తిరిగి, గాజుల దుకాణాలు చూసి వచ్చేశాం.

ఒక పార్కు గురించీ చెప్పాలి, పేరొద్దు. బైకులు రాకుండా గేటు దగ్గర మనిషి మెలికలు తిరిగి వెళ్లేలా ఇనప కడ్డీలు పెట్టారు. బైకు రాదు, నిజమే, వీల్‌చైరూ రాదు. పక్క గేటు తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకి. లోపల మాత్రం చక్కటి సిమెంటు బాట, ర్యాంప్, దివ్యాంగుల గుర్తుతో బోర్డు.

చట్టం లేకనా? 2016లోనే దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది, ప్రజల భవనాలన్నీ అందరికీ అనువుగా మార్చడానికి ఐదేళ్ల గడువు పెట్టారు. అది దాటిపోయింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, ర్యాంపులు, తలుపుల కొలతల్లాంటి ఈ ప్రమాణాలు పాటిస్తే పాటించండి అన్నట్టుంటే కుదరదు, తప్పనిసరి చేస్తూ మూడు నెలల్లో నిబంధనలు తేవాలని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక రాసింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే. అంగుళాల లెక్కలన్నీ ఎప్పుడో రాసిపెట్టి ఉన్నాయి. తాపీమేస్త్రీ దాకా రావడమే మిగిలింది.

రెండో బస గురించి చెప్పి ఆపేస్తా. చిన్న లాడ్జి, మొదటి హోటల్లో సగం రేటు. గోడకి పెచ్చులు, టీవీ రాదు. కానీ గది రోడ్డు మట్టంలోనే, గడప లేదు, బాత్‌రూమ్‌కి మామూలు తలుపు బదులు వెడల్పైన మడత తలుపు, కమోడ్ పక్కన గోడకి నీళ్ల పైపు గొట్టాన్నే రాడ్‌లా బిగించారు. ఓనర్ వాళ్లమ్మ కోసం చేయించారట. ఇక్కడ నాన్న రాత్రి చెంబుడు నీళ్లు తాగారు. (గది బుక్ చేసేముందు ర్యాంప్ ఉందా అని అడక్కండి. మెట్లెన్ని, బాత్‌రూమ్ తలుపు ఎన్ని అంగుళాలు అని అడిగి, టేపు పెట్టి ఫొటో పంపమనండి.)

మూడో రోజు పొద్దున నేను లేచేసరికి ఆయన మంచం మీద లేరు, కుర్చీ లేదు, తలుపు బార్లా తీసుంది. గుండె జారిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తా. సందు చివర టీ బండి దగ్గర ఇద్దరు ఆటోవాళ్లతో కూర్చుని విజయవాడ డిపో కబుర్లు చెబుతున్నారు. చేతిలో గ్లాసు.

"చెప్పి రావచ్చుగా నాన్నా" అన్నా.

"టీ తాగడానికి నిన్నడగాలా? చక్కెరెక్కువేశాడు, మీ ఆవిడకి చెప్పకు" అన్నారు.