కడపోళ్లు జాగ్రత్త: 1,499కే ఫుల్ బాడీ చెకప్ అంటే తొందరపడి రక్తం ఇయ్యొద్దు

మా నాయనకు 61 ఏళ్లు. మే మొదట్లో ఒక ఆదివారం, పొద్దున ఆయన నడకకు పోయే పార్కు దగ్గర టెంటు వేసినారు. అసలు ధర 5,999 అంట, ఆ రోజు కడితే 1,499కే 82 పరీక్షలంట, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారంట. అక్కడే ఫోన్‌పే చేసి వచ్చినాడు. మంచి పని చేసినావని నేనే అన్నా.

మరుసటి రోజు 6.40కి పిల్లోడు వచ్చినాడు. పసుపు మూత ట్యూబు ఒకటి, ఊదా మూతది ఒకటి నింపి బ్యాగులో పడేసుకున్నాడు. ఇంకా తొమ్మిది ఇళ్లు తిరగాలంటూ బండెక్కినాడు. బీపీ చూడలేదు. ఏం మాత్రలు వేసుకుంటున్నారు, మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని ఒక్క మాట అడగలేదు.

మరునాటి రాత్రి వాట్సాప్‌లో 14 పేజీల రిపోర్టు వచ్చింది. పొటాషియం 6.8 అని ఎర్రగా ఉంది. పది నిమిషాలకే ఫోను: కిడ్నీలు దెబ్బతిన్నాయేమో సార్, 4,800 ప్యాకేజీ ఉంది, రేపే చేయించండి అని. షుగర్ 88, నార్మల్. అదొక్కటే మాకు ఊరట.

పొటాషియం అంత ఉంటే గుండెకు ప్రమాదమని విని రాత్రికి రాత్రే రిమ్స్‌కు పరిగెత్తినాం. ఈసీజీ బాగుంది. మళ్లీ రక్తం తీసి చూస్తే పొటాషియం 4.3. కానీ బీపీ 168/100 ఉంది, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7.4 వచ్చింది. అది 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే షుగర్ జబ్బు కిందే లెక్క. అంటే లేని కిడ్నీ జబ్బుతో మమ్మల్ని బెదరగొట్టి, ఉన్న షుగర్‌ను లేదని చెప్పినారు. నాకు కోపం వచ్చేది ఈ రెండోదానికే. ఆ 88 చూసుకుని ఇంకో రెండేళ్లు నిశ్చింతగా ఉండేవాళ్లం.

ఎందుకిట్ల అయిందో డ్యూటీ డాక్టరమ్మ రిపోర్టులోనే చూపించింది. రక్తం తీసిన టైము 6.40, ల్యాబుకు చేరింది సాయంత్రం 5.10. ట్యూబులో పడినాక కూడా రక్తకణాలు చక్కెరను తింటూనే ఉంటాయంట. గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది, ఎండవేడికి ఇంకా ఎక్కువ. అందుకే షుగర్‌కు ఫ్లోరైడ్ వేసిన బూడిదరంగు మూత ట్యూబులో వేరే తీయాల. మాకు ఆ ట్యూబే వాడలేదు. పొటాషియం కణాల లోపలే ఎక్కువ ఉంటుంది, కణాలు చితికితే బయటికి వచ్చేస్తుంది. కడప ఎండలో, బండి మీద, పదిన్నర గంటలు! ఇంక ఆ రక్తం ఏం నిజం చెబుతుంది?

ఆ 82 లెక్క కూడా చూసినా. రక్తకణాల పరీక్ష ఒక్కదాన్నే 24గా చీల్చినారు. కొలెస్ట్రాల్ కింద సగం వరసలు ఒకదాన్ని ఇంకొకదానితో భాగించి రాసినవే. క్యాన్సర్ పరీక్ష అని సీఈఏ పెట్టినారు, అది పొగ తాగేవాళ్లకు జబ్బు లేకపోయినా పెరుగుతుంది. హెచ్‌బీఏ1సీ మాత్రం ఆ 82లో లేదు.

డబ్బు వెనక్కియ్యమంటే, మళ్లీ ఉచితంగా రక్తం తీసుకుంటామన్నారు. వద్దన్నాం.

30 ఏళ్లు దాటినోళ్లకు బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ అర్బన్ హెల్త్ సెంటర్లలో, పల్లెల్లో విలేజ్ క్లినిక్కుల్లో ఉచితం. మా వీధి ఆశా వర్కర్ రెండుసార్లు వచ్చి పిలిచినా మేం పోలేదు. ఇప్పుడు నాయన నెలనెలా అక్కడికే పోతున్నాడు. సిస్టర్ ఆయన్ను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, అప్పుడు బీపీ చూస్తుంది.

ప్రైవేటులోనే చేయించుకునేటట్లయితే ల్యాబుకే పోయి రక్తం ఇయ్యండి. రిపోర్టులో తీసిన టైము, చేరిన టైము రెండూ చూడండి. మేలో ఇట్లాంటి టెంటు దగ్గర డబ్బు కట్టి రక్తం ఇచ్చినోళ్లు మీ ఇంట్లో ఉంటే, షుగర్ నార్మల్ వచ్చిందని ఊరుకోవద్దు. ఈ వారంలోనే ఇంకోసారి చూపించండి.