మిద్దె మీద చేపలకు ఏ బొగ్గు?
నెల్లూరులో మా మిద్దె మీద చేపలు, రొయ్యలు కాల్చడానికి మూడు రకాల బొగ్గు తెచ్చి చూశాను. మామూలు కట్టెబొగ్గు కిలో 50 రూపాయలు, ఇట్టే అంటుకుంటుంది గానీ నిప్పురవ్వలు చిటపటా ఎగిరి మా బావమరిది లుంగీకి చిల్లు పడింది. 70 రూపాయల బ్రికెట్ల (పొడిని అచ్చువేసిన బొగ్గు ముద్దల) కవర్ మీద అందులో ఏం కలిపారో ఒక్క ముక్క రాయలేదు. ఘాటు వాసన, గుప్పెళ్లకొద్దీ బూడిద చూస్తే రాతిబొగ్గు పొడి, బంకమట్టి కలిపారనే నా అనుమానం. కొబ్బరిచిప్పల బొగ్గుపొడిని గంజితో ముద్దచేసి అచ్చువేసినవి కిలో 120. అంటుకోవడానికి 20 నిమిషాలు విసరాలి, చెయ్యి పడిపోతుంది, కానీ పైన తెల్లటి పొర కట్టాక పొగే లేదు, సెగ తగ్గనే లేదు. పండుగప్ప మొత్తం కాలాక మిగిలిన వాటిని మూతపెట్టి ఆర్పి, మర్నాడు మళ్లీ వాడాను. ఇక అవే తెస్తాను.