రెగే, రెగెటాన్ కలిస్తే: ఏ జోడీ మేలు?

రెగే జమైకా సంగీతం, రెగెటాన్ ప్యూర్టో రికోలో ఎదిగిన స్పానిష్ డాన్స్ సంగీతం. ఈ రెండు రకాల గాయకులూ కలిసి చేసిన పాటల్లో మంచిది చెప్పమంటే చాలామంది నోట ముందు వచ్చే పేరు ‘కాన్ కాల్మా’. ప్యూర్టో రికోకు చెందిన డాడీ యాంకీ, కెనడాకు చెందిన స్నో 2019లో చేసిన పాట అది. నా ఓటు మాత్రం దానికి కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు తాళం సంగతి చూడాలి.

మామూలు రెగెటాన్ పాట ఒకటి పెట్టుకుని మోకాలి మీద తకిట తకిట తక అని కొట్టి చూడండి, ఇట్టే కుదురుతుంది. మూడు, మూడు, రెండు. కింద పెద్ద డ్రమ్ మాత్రం నాలుగు దెబ్బలూ సమానంగా వేసుకుంటూ పోతుంది. ఆ రెండింటి ఒరిపిడి వల్లే కాళ్లు ఊరుకోవు. రెగేలో ‘వన్ డ్రాప్’ నడక దీనికి పూర్తిగా వేరు. నాలుగు లెక్కల్లో మొదటిది ఖాళీగా వదిలేస్తారు, బరువంతా మూడో లెక్క మీద పడుతుంది. గిటార్ రెండు, నాలుగు మీద పొట్టిగా తెగి మోగుతుంది. అందుకే రెగేకి తల ఊగుతుంది, రెగెటాన్‌కి నడుము కదులుతుంది.

ఆ తకిట తకిట తక కూడా జమైకా నుంచి వచ్చిందే. అక్కడి సంగీత నిర్మాతల జంట స్టీలీ అండ్ క్లీవీ 1989లో ‘ఫిష్ మార్కెట్’ అనే వాద్య సంగీతం చేసింది. 1990ల మొదట్లో జమైకా గాయకుడు షాబా ర్యాంక్స్ పాడిన ‘డెమ్ బౌ’కి కూడా ఆ జంట కట్టిన తాళమే ఆధారం. పనామా గాయకులు ఎల్ జనరల్, నాండో బూమ్ దాన్ని స్పానిష్‌లోకి తెచ్చారు. న్యూయార్క్ మీదుగా ప్యూర్టో రికో చేరి అది రెగెటాన్‌కి వెన్నెముక అయింది. ఆ తాళం మాదేనంటూ స్టీలీ అండ్ క్లీవీ పక్షం 2021లో అమెరికాలో దావా వేసింది. తర్వాత అది వందమందికి పైగా కళాకారుల దాకా పెరిగింది. డాడీ యాంకీ, బ్యాడ్ బన్నీ, కరోల్ జీ అందరూ అందులో ప్రతివాదులే. 2024లో జడ్జి ఆ కేసును కొట్టేయడానికి ఒప్పుకోలేదు. తాళం మీద హక్కు ఒకరికే రాసిచ్చేస్తే రేపు పాట కట్టేవాళ్లందరికీ కష్టమే, ఆ భయం నాకూ ఉంది. కానీ పాట మీద జమైకా వాళ్ల పేరు వేయడానికి, వాళ్లను పిలిచి పాడించడానికి ఏ కోర్టూ చెప్పక్కర్లేదు కదా!

అందుకే ఇలాంటి జోడీల్లో నేను చూసేది ఒక్కటే: ఎవరు ఎవరి నడకలోకి వచ్చారు?

‘కాన్ కాల్మా’లో స్నోనే రెగెటాన్ నడకలోకి వచ్చాడు. అతని పాత పాట ‘ఇన్‌ఫార్మర్’ 1993లో అమెరికా హిట్ పాటల బిల్‌బోర్డ్ పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. దాన్నే యాంకీ కొత్తగా కట్టాడు. స్నోని పక్కన పెట్టేయకుండా పిలిచి పాడించి, పేరు కూడా వేశాడు. ఆ మర్యాద నాకు నచ్చింది. డాన్స్‌కి దీన్ని మించింది లేదు. అయితే ఆ ‘ఇన్‌ఫార్మర్’ కూడా టొరాంటో కుర్రాడు జమైకా బాణీలో పాడినదే. అంటే ఇక్కడ రెగే మనదాకా రెండు చేతులు మారి వస్తోంది.

2019లోనే జమైకా గాయకుడు షాన్ పాల్, కొలంబియా రెగెటాన్ గాయకుడు జె బాల్విన్ కలిసి ‘కాంట్రా లా పారెద్’ చేశారు. షాన్ పాల్ పాడే డాన్స్‌హాల్ (రెగే నుంచి పుట్టిన జమైకా డాన్స్ సంగీతం) రెగెటాన్‌కి దగ్గరి చుట్టమే కాబట్టి ఇద్దరికీ పెద్దగా శ్రమ లేదు. హాయిగా సాగిపోతుంది, అయిపోయాక గుర్తుండదు.

ప్యూర్టో రికో గాయకుడు ఫరూకో 2015లో తెచ్చిన ‘విజనరీ’ ఆల్బమ్ ఇంతకంటే మేలు. అందులో జమైకా గాయకుడు షాగీ, రెగెటాన్ గాయకుడు నిక్కీ జామ్‌తో ‘సన్‌సెట్’ ఉంది, రెగే దిగ్గజం బాబ్ మార్లే కొడుకు కై-మనీతో ‘చిలాక్స్’ ఉంది. ‘చిలాక్స్’లో తొందరే లేదు. రాత్రి ప్రయాణంలో వినాలంటే నేను దీన్నే పెట్టుకుంటాను.

కానీ ఒక్కటే ఎంచుకోమంటే ‘లవ్ విత్ ఎ క్వాలిటీ’. కొలంబియా గాయని కరోల్ జీ, బాబ్ మార్లే చిన్న కొడుకు డేమియన్ కలిసి పాడారు. 2019 నాటి ఆమె ఆల్బమ్ ‘ఓషన్’లో ఉంది. ఇక్కడ అడుగు మార్చుకున్నది ఆమే. తనకు అలవాటైన తాళాన్ని వదిలి రెగే నడకలోకి వచ్చి స్పానిష్‌లో పాడుతుంది, డేమియన్ తన జమైకా ఇంగ్లీష్‌లో అందుకుంటాడు. ఆమె గొంతు మామూలు కంటే నిదానంగా, మెత్తగా వినిపిస్తుంది. ఆమె మిగతా హిట్లతో పోలిస్తే దీని గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ, పార్టీలో పెడితే ఎవరూ లేచి ఆడకపోవచ్చు కూడా. అయినా డాడీ యాంకీ స్థాయి వాళ్లు జమైకా రాజధాని కింగ్‌స్టన్ వెళ్లి ఇలాంటివి ఒక ఆల్బమ్ నిండా చేస్తే బాగుండునని నా కోరిక.