పెళ్లి డీవీడీలో మాట వెనకబడితే: జరపడమా, సాగదీయడమా, మళ్లీ ఎక్కించడమా?

మా అక్క పెళ్లి 1998లో సామర్లకోటలో జరిగింది. అప్పటి వీహెచ్ఎస్ క్యాసెట్‌ని తర్వాత ఒక షాపులో ఇచ్చి రెండు డీవీడీలు చేయించాం. డిస్కు మొదట్లో అంతా బాగానే ఉంటుంది. సుముహూర్తం దగ్గరికి వచ్చేసరికి డోలు ఆయన కర్ర కొట్టి మళ్లీ ఎత్తాక దెబ్బ వినిపిస్తుంది, నాన్న పెదవులు ఆగాక ఆయన మాట వస్తుంది. నాన్న గొంతు మా దగ్గర ఉన్నది ఆ ఒక్క రికార్డులోనే, అందుకే "పోనీలే, చూసుకోవచ్చులే" అని వదిలేయడం నా వల్ల కాలేదు. దాన్ని సరిచేసే దారులన్నీ ప్రయత్నించాను కాబట్టి, ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది టైమ్ వేస్టో చెబుతాను.

ముందు తప్పు డిస్కుదేనా అని చూసుకోండి. అదే డిస్కుని కంప్యూటర్‌లో పెట్టి చూస్తే సరిగ్గా ఉండి, హాల్లో టీవీ మీద మాత్రం తేడాగా ఉంటే డిస్కుని ముట్టుకోవద్దు. కొత్త టీవీలు బొమ్మని మెరుగుపరచడానికి కొంచెం సేపు ఆపుకుంటాయి, ఆడియో మాత్రం వేరే కేబుల్‌లో నేరుగా హోమ్ థియేటర్‌కి వెళ్లిపోతుంది, దాంతో మాట ముందు వచ్చేస్తుంది. హోమ్ థియేటర్ సెట్టింగుల్లో ఆడియో డిలే అనో లిప్ సింక్ అనో ఉంటుంది, దాన్ని పెంచితే చాలు. ఇంకొక పరీక్ష: సింక్ పోయిన చోట రిమోట్‌తో తర్వాతి చాప్టర్‌కి వెళ్లి వెనక్కి రండి. అప్పుడు సరైపోతే ఫైలు బాగానే ఉంది, ప్లేయర్ డిస్కుని చదవలేక తడబడుతోంది. మంచి కంపెనీ ఖాళీ డిస్కు మీద 4ఎక్స్ లేదా 8ఎక్స్ స్పీడ్‌లో మళ్లీ రైట్ చేయండి. అందులో ఆడియో పీసీఎమ్‌లో (సైజు తగ్గించని రూపం) ఉంటే ఏసీ3కి (సైజు తగ్గించిన రూపం) మార్చండి. పీసీఎమ్ స్టీరియో ఒక్కటే సెకనుకి 1.5 మెగాబిట్లు తినేస్తుంది, ఏసీ3 192 కిలోబిట్లతో సరిపెట్టుకుంటుంది, పాత ప్లేయర్‌కి ఆ మేరకు ఊపిరాడుతుంది.

ఇవి దాటాక కూడా తేడా ఉంటే అప్పుడు అది నిజంగా ఫైల్లోనే ఉంది. ఇక్కడే చాలామంది తొందరపడి ఏదో ఒక సాఫ్ట్‌వేర్ తెరిచేస్తారు. అంతకన్నా ముందు తేడాని కొలవండి. విండోస్ కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో జె కీ ఒకసారి నొక్కితే మాట 50 మిల్లీసెకన్లు ముందుగా వస్తుంది, కె నొక్కితే అంత ఆలస్యంగా వస్తుంది. డోలు మీద కర్ర పడే చోటు, కొబ్బరికాయ కొట్టే చోటు, చప్పట్లు, ఇలాంటివి గుర్తులుగా పెట్టుకుని నాలుగైదు చోట్ల ఎన్నిసార్లు నొక్కితే కలుస్తోందో కాగితం మీద రాసుకోండి. పెళ్లి వీడియోల్లో సగం సేపు వీడియో ఆయన సినిమా పాటలు పైన వేసేసి ఉంటాడు, అక్కడ ఎంత తేడా ఉన్నా తెలియదు, కాబట్టి అసలు సౌండ్ ఉన్న చోట్లే కొలవాలి. నాకు 2వ నిమిషంలో ఒక్క నొక్కు, 58వ నిమిషంలో 29 నొక్కులు పట్టాయి. అంటే 56 నిమిషాల్లో తేడా 1.4 సెకన్లు పెరిగింది.

ఆ కాగితమే మీకు దారి చెబుతుంది. అన్ని చోట్లా ఒకే అంకె వస్తే తేడా స్థిరంగా ఉంది. నెమ్మదిగా, సమానంగా పెరుగుతూ పోతే ఆడియో నిడివే తప్పు. కాసేపు బాగుండి ఒక్కసారిగా ఎగిరితే, మళ్లీ కొంతసేపు నిలబడి ఇంకోసారి ఎగిరితే, క్యాసెట్ నుంచి ఎక్కించేటప్పుడు ఫ్రేములు, అంటే వీడియోలోని విడి బొమ్మలు, కొన్ని పోయాయి.

తేడా స్థిరంగా ఉంటే జరపడాన్ని మించినది లేదు. పీజీసీడీమక్స్ లాంటి చిన్న టూల్‌తో డిస్కులోంచి వీడియోని, ఆడియోని విడదీసి, వాటిని మళ్లీ కలిపే మక్స్‌మ్యాన్ అనే టూల్‌లో రెండూ ఇచ్చి ఆడియో డిలే గడిలో అంకె వేస్తే కొత్త డీవీడీ తయారవుతుంది. మాట ఆలస్యంగా వస్తుంటే మైనస్ అంకె, ముందే వస్తుంటే ప్లస్ అంకె. దేన్నీ మళ్లీ ఎన్‌కోడ్ చేయడం (సైజు తగ్గించి కొత్తగా రాయడం) లేదు కాబట్టి బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, గంట వీడియో అయినా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఈ దారిలో డిస్కు మెనూ పోతుంది, ఇంట్లో చూసుకునేదానికి నేనైతే దాని గురించి బాధపడను. విడదీసేటప్పుడు చాప్టర్ల సమయాలున్న ఫైలు కూడా రాయించుకుంటే అవి మాత్రం మళ్లీ పెట్టుకోవచ్చు.

ఎంత దగ్గరగా సరిచేయాలి అనే టెన్షన్ అక్కర్లేదు. పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు, ఏసీ3 ఆడియోలో ఒక్కో ముక్క 32, అంతకన్నా సన్నగా సవరించినా పెద్ద ఉపయోగం లేదు. టీవీ ప్రసారాల కోసం ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) ఇచ్చిన సిఫారసు ప్రకారం మాట బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు, ఆలస్యమైతే మాత్రం దాదాపు 125 దాకా పసిగట్టలేడు. చాకిరేవులో బట్ట బండ మీద పడ్డాక కాసేపటికి చప్పుడు వినిపించడం మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటే కదా, చప్పుడు వెనక రావడం సహజం, ముందు రావడమే వింత. కాబట్టి రెండు అంకెల మధ్య ఊగిసలాడుతుంటే మాట కొంచెం వెనక ఉండేలా పెట్టుకోండి.

తేడా పెరుగుతూ పోతుంటే జరపడం అస్సలు పనిచేయదు. నేను మొదట ఈ తప్పే చేశాను: 58వ నిమిషంలో ఉన్న తేడా ప్రకారం జరిపితే సుముహూర్తం కలిసింది, స్నాతకం, కాశీయాత్ర మొత్తం చెడిపోయాయి. ఇక్కడ సాగదీయడమో కుదించడమో కావాలి. ఆడియోని వేవ్ ఫైలుగా మార్చి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, 'ఛేంజ్ స్పీడ్'లో (కొత్త వెర్షన్లలో 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్') శాతం వేయాలి. నా లెక్క 1.4 సెకన్లని 3,360 సెకన్లతో భాగిస్తే 0.042 శాతం. మాట వెనకబడుతోంది అంటే ఆడియో అవసరానికి మించి పొడుగుంది, కాబట్టి స్పీడ్ అంత పెంచాలి. తర్వాత 48 కిలోహెర్ట్‌జ్‌లోనే (అంటే సెకనుకి 48 వేల శాంపిళ్లు) ఏసీ3గా మార్చి, పాత వీడియోతో కలిపేయడమే. వీడియోని ముట్టుకోం కాబట్టి ఇక్కడా బొమ్మ చెడదు, ఆడియో ఒక్కటే ఒకసారి మళ్లీ ఎన్‌కోడ్ అవుతుంది, 192 గానీ 224 గానీ కిలోబిట్లు పెట్టుకుంటే ఆ తేడా నా చెవికి తెలియలేదు.

ఇందులోనే మరో ప్రశ్న ఉంది, 'ఛేంజ్ స్పీడ్' వాడాలా, 'ఛేంజ్ టెంపో' వాడాలా అని. స్పీడ్ మారిస్తే శ్రుతి కూడా మారుతుంది, టెంపో మారిస్తే శ్రుతి అలాగే ఉండి నిడివి మాత్రమే మారుతుంది. వినడానికి టెంపోనే మేలు అనిపిస్తుంది, కానీ అది శబ్దాన్ని ముక్కలు చేసి మళ్లీ అతికిస్తుంది, ఆ అతుకులు డోలు దెబ్బల్లోనూ తాళాల మోతలోనూ బయటపడతాయి. 0.042 శాతానికి శ్రుతిలో వచ్చే మార్పు ఏ విద్వాంసుడికీ వినపడదు, కాబట్టి చిన్న సవరణకి స్పీడే వాడండి. సవరణ నాలుగు శాతం దాకా వెళ్తే మాత్రం ఆలోచించాలి. అప్పుడు సన్నాయి శ్రుతి ముప్పాతిక స్వరస్థానం దాకా కదిలిపోతుంది, అది ఎవరికైనా తెలుస్తుంది.

నాలుగు శాతం తేడా ఎక్కడిది అంటే, అమెరికాకి పంపే డిస్కుల్లో వస్తుంది. అక్కడి ప్లేయర్లు చాలావరకు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) డిస్కులే ఆడతాయి కాబట్టి మనవాళ్లు పాల్ వీడియోని మార్చి పంపుతారు. సెకనుకి 25 ఫ్రేముల వీడియోని పద్ధతిగా 29.97కి మారిస్తే నిడివి మారదు, ఆడియోని కదపనక్కర్లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం 25ని 23.976గా నెమ్మదింపజేస్తాయి, అప్పుడు గంట వీడియో 62 నిమిషాల 34 సెకన్లు అవుతుంది, ఆడియో గంటకే ఆగిపోతుంది. దీన్ని సాగదీయడం కన్నా నిడివి మారకుండా మళ్లీ కన్వర్ట్ చేయడమే మంచిది. వీసీడీ నుంచి డీవీడీ చేసినప్పుడు కూడా ఇలాంటిదే ఒకటి ఉంది: వీసీడీ ఆడియో 44.1 కిలోహెర్ట్‌జ్, డీవీడీకి 48 కావాలి. నిజంగా మార్చకుండా అంకె ఒక్కటే మార్చి పెట్టేస్తే గొంతులు సన్నబడి, గంట ఆడియో 55 నిమిషాలకే అయిపోతుంది. అదీ ఆడియోని సరిగ్గా మార్చుకుంటే పోయేదే.

ఇక మెట్లు మెట్లుగా ఎగిరే తేడా. దీనికి అసలు మందు క్యాసెట్ నుంచి మళ్లీ ఎక్కించడమే. పైకి ఇది కష్టమైన దారి, ఖర్చు కూడా. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీ జపాన్‌కి చెందిన ఫునాయ్ 2016లోనే ఆపేసింది, కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ పాతవే, హెడ్ (టేపుని చదివే భాగం) అరిగినవాటితో ఎక్కిస్తే మళ్లీ అదే గొడవ. మా వైపు గోదావరి తేమకి క్యాసెట్ల లోపల తెల్లగా బూజు పడుతుంది, అలాంటి టేపుని శుభ్రం చేయకుండా మిషన్‌లో పెడితే టేపూ పోతుంది, మిషన్ హెడ్డూ పాడవుతుంది. ఇన్ని ఉన్నా, క్యాసెట్ బాగుంటే నేను ఈ దారికే ఓటు వేస్తాను, ఎందుకంటే పోయిన ఫ్రేములు ఇంకెక్కడా దొరకవు.

మళ్లీ ఎక్కించేటప్పుడు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. బొమ్మ యూఎస్‌బీ పరికరంలోంచి, సౌండ్ కంప్యూటర్ మైక్ రంధ్రంలోంచి వెళ్తే రెండింటికీ వేరువేరు గడియారాలు, గంట తిరిగేసరికి అవి కలవవు. నాకు పెరుగుతూ వచ్చిన తేడాకి కారణం ఇదే అయ్యుంటుందని నా అనుమానం. బొమ్మ, సౌండ్ రెండూ ఒకే పరికరంలోంచి వెళ్లేలా చూసుకోండి. పాత డీవీ క్యామ్‌కార్డర్ ఎవరి దగ్గరైనా ఉండి, దానికి వీసీఆర్ సిగ్నల్ ఇస్తే ఫైర్‌వైర్ కేబుల్‌లో కంప్యూటర్‌కి పంపే సదుపాయం ఉంటే అది చాలా మంచి మార్గం. షాపులో ఇస్తుంటే డిస్కుతో పాటు ఎక్కించిన అసలు ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి, డబ్బులు కొంచెం ఎక్కువైనా సరే.

క్యాసెట్ లేకపోతేనో, పాడైపోతేనో అతుకులు వేయాల్సిందే. తేడా ఎగిరిన ప్రతిచోటా ఆడియోని కోసి, అవసరమైతే నిశ్శబ్దం చేర్చాలి, లేదా కొంచెం తీసేయాలి. పాటలు పైన వేసిన భాగాల్లో, జనం గోలలో ఆ కోతలు దాక్కుంటాయి. పంతులుగారి మంత్రం మధ్యలో మాత్రం కోయకండి, వెంటనే తెలిసిపోతుంది. ఓపిక ఉంటే గంట వీడియోకి ఒక ఆదివారం పడుతుంది.

చాలామంది చేసేది, నేను వద్దనేది ఒకటి ఉంది: డిస్కు మొత్తాన్ని ఒక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగి, ఆడియోని అటూ ఇటూ జరిపి, మొత్తం మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడం. చూడటానికి ఇదే తేలిక. కానీ క్యాసెట్ నుంచి డీవీడీకి వచ్చేసరికే బొమ్మ ఒకసారి నలిగింది, ఇంకోసారి ఎన్‌కోడ్ చేస్తే ముఖాలు మైనం పూసినట్టు అవుతాయి. వీఎల్‌సీలో ప్రతిసారీ సవరించుకుని చూడటం కూడా కొలతకి బాగుంటుంది గానీ, అమ్మ రిమోట్ పట్టుకుని ఒక్కతే చూసుకునేదానికి పనికిరాదు.

మా మొదటి డిస్కుకి కుదింపు సరిపోయింది. రెండోదానిలో అప్పగింతల దగ్గర మూడు చోట్ల ఎగురుతోంది, దానికోసం క్యాసెట్‌ని తుడిపించి ఉంచాం, పనిచేసే వీసీఆర్ మా పిన్నివాళ్లింట్లో ఒకటి దొరికింది. మొదటి డిస్కు కొత్త కాపీని ఇమ్‌గ్‌బర్న్ అనే డిస్కు రైట్ చేసే సాఫ్ట్‌వేర్‌తో 4ఎక్స్‌లో రైట్ చేసి అమ్మకి పెట్టి చూపించాను. నాన్న "అక్షింతలు అందరికీ అందాయా?" అని అడిగే చోట ఆమె డిస్కుని వెనక్కి తిప్పి మళ్లీ చూసింది.