బ్యాటింగ్ టీ రివ్యూ: సెన్సార్లు తర్వాత, ముందు ఇది కొనుక్కోండి

బేస్‌బాల్ బ్యాటింగ్ ఇంప్రూవ్ చేసుకుందామని ఆన్‌లైన్‌లో వెతికితే కనిపించేవన్నీ పిడి చివర తగిలించే సెన్సార్లు, వాటికో యాప్, బ్యాట్‌కి తొడిగే బరువు రింగులు. నేను మాత్రం ఏ హంగూ లేని బ్యాటింగ్ టీ తీసుకున్నా. కింద బరువైన దిమ్మ, దాని మీద ఎత్తు మార్చుకునే గొట్టం, పైన బాల్ పెట్టడానికి రబ్బరు కప్పు, అంతే. నాలుగు స్టార్లు.

నిజంగా వేసే పిచింగ్‌లో బాల్ తగల్లేదంటే టైమింగ్ పోయిందో, బ్యాట్ దారి తప్పిందో తెలీదు, గంటకి 90 మైళ్ళ పిచ్ (అంటే ఎదుటివాడు విసిరే బాల్) సుమారు 0.4 సెకన్లలో ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీదుండే పలక) దగ్గరికి వచ్చేస్తుంది, అంత హడావిడిలో ఏం గమనిస్తాం చెప్పండి. టీ మీద బాల్ కదలదు కాబట్టి తప్పు జరిగిందంటే అది స్వింగ్‌దే. రబ్బరుకి తగిలితే దబ్‌మని చచ్చు సౌండ్, బాల్‌కి నీట్‌గా తగిలితే టక్‌మని ఇంకో సౌండ్, చెవులతోనే తెలిసిపోతుంది.

కానీ చాలామంది దీన్ని ప్లేట్ నడిమధ్యలో పెట్టేసి బాదుతుంటారు, దాంతో సగం ఉపయోగం పోతుంది. మధ్యలో వచ్చే పిచ్‌కి టీ ముందు కాలికి సమానంగా ఉండాలి, ఒంటి దగ్గరికి వచ్చే పిచ్‌కి ఇంకాస్త ముందుకి, బయట వైపు పిచ్‌కి కాస్త వెనక్కి జరపాలి, ఎందుకంటే అసలు మ్యాచ్‌లో బాల్‌ని కలవాల్సింది అక్కడే. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలే గానీ ఈ మూల నుంచి ఆ మూలకి జరిపి కొట్టి చూడండి, రెండు వేర్వేరు ఆటల్లా ఉంటాయి.

ఎదురుగా నెట్ కట్టుకుంటే ఇంకా మంచిది. బాల్ ప్రతిసారీ నేలకి కొడుతోందంటే పిడి మీద పైన ఉండే చెయ్యి తొందరగా తిరిగిపోతోందని అనుమానించాలి, ఊరికే గాల్లోకి లేస్తోందంటే వెనక భుజం మరీ కిందకి పడుతోందేమో చూసుకోవాలి. ఒంటి దగ్గరి బాల్ మాటిమాటికీ ఫౌల్ వైపు, అంటే పక్క గీత బయటికి, పోతోందంటే చేతులు ఒంటికి దూరంగా చాపి తిప్పుతున్నట్టే, తుంటి ముందు తిరగాలి, చేతులు దాని వెనకాల రావాలి. పిచ్ కిందకి దిగుతూ వస్తుంది కాబట్టి బ్యాట్ కొద్దిగా పైకి వెళ్ళాలనేది పాతకాలపు గొప్ప బ్యాటర్ టెడ్ విలియమ్స్ వాదన, 1941లో .406 సగటు (పదిసార్లకి నాలుగు పైచిలుకు హిట్లు) కొట్టినాయన మాట కాబట్టి నేనైతే వింటా. కొద్దిగా అంటే కొద్దిగానే, హోమ్ రన్ పిచ్చిలో గునపంతో తవ్వినట్టు కింద నుంచి లేపక్కర్లేదు.

ఇక ఆ స్టార్ ఎందుకు కోశానంటే గొట్టం. గట్టిగా కొట్టిన ప్రతిసారీ కాస్త కిందకి జారుతుంది, మనం గమనించకుండా మోకాళ్ళ ఎత్తులో కొడుతూ కూర్చుంటాం, ఛాతీ ఎత్తు పిచ్ ప్రాక్టీస్ చేద్దామంటే చిరాకే. రబ్బరు కప్పు కూడా అంచుల్లో చీలడం మొదలైంది, అది వాడకంలో అరిగేదే కాబట్టి దానికి మార్కులు కొయ్యను గానీ విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే చూసుకోండి.

టైమింగ్, కర్వ్ బాల్ గుర్తుపట్టడం ఇది నేర్పదు, వాటికి ఎవరో ఒకరు బాల్ వెయ్యాల్సిందే. చిన్నపిల్లలకైతే తేలిక ప్లాస్టిక్ మోడల్ చాలు, పెద్దవాళ్ళు మాత్రం దిమ్మ బరువుగా ఉండి, ఎత్తు దగ్గర గట్టిగా లాక్ అయ్యేదే తీసుకోండి.