పారిస్ గార్నియే ఒపెరా: మెట్ల దగ్గరే గంట గడిచిపోయింది

పారిస్‌లో మాకున్నవి నాలుగు రోజులే. అందులో సగం రోజు పాలే గార్నియే అనే పాత ఒపెరా హాలుకి ఇద్దామని నేను పట్టుబడితే, ఆట లేని హాలు చూడ్డానికి టికెట్టా అంది మా ఆవిడ. తీరా లోపలికి వెళ్ళాక, ఇంకాసేపు ఉందామని నన్ను ఆపింది తనే.

ఈ హాలుని 1861లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ కాలంలో మొదలుపెట్టి 1875కి పూర్తిచేశారు, అప్పటికి ఆయన గద్దె దిగడమే కాదు, చనిపోయి కూడా రెండేళ్ళు. డిజైన్ పోటీలో గెలిచిన ఆర్కిటెక్ట్ షార్ల్ గార్నియేకి అప్పుడు 35 ఏళ్ళే, పెద్ద పేరు కూడా లేదు.

అసలు గొప్పతనమంతా మెట్లదే. తెల్లటి పాలరాతి మెట్లు, ఎర్రరాతి చిన్న స్తంభాల పిట్టగోడ, దాని మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలే ఆనిక్స్ రాయి, చుట్టూ అంతస్తులంతస్తులుగా బాల్కనీలు. ఎక్కేవాళ్ళని పైవాళ్ళు, పైవాళ్ళని ఎక్కేవాళ్ళు చూసుకోవడానికే ఇదంతా! పెళ్ళికి వెళ్ళినప్పుడు ఎవరెవరు వచ్చారో, ఏం కట్టుకొచ్చారో చూడమూ, అలాగే. ఆ పైన 54 మీటర్ల పొడవున్న గ్రాండ్ ఫాయే, అంటే విరామంలో జనం తిరిగే హాలు, అద్దాలూ బంగారు పూతా షాండ్లియర్లూ, నాకు మాత్రం కాస్త ఎక్కువైందనిపించింది.

రిహార్సల్స్ ఉంటే హాలు మూసేస్తారు, టికెట్ కొనేముందు ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి. మేము ఒక బాక్స్‌లోంచి, అంటే చిన్న గదిలాంటి బాల్కనీలోంచి, సగం చీకట్లో చూశాం. ఎర్ర మఖమల్ కుర్చీలు, సుమారు 7 టన్నుల షాండ్లియర్, దాని చుట్టూ 1964లో చిత్రకారుడు షగాల్ వేసిన రంగురంగుల పైకప్పు బొమ్మ. పాత బొమ్మ దాని వెనకాలే భద్రంగా ఉంది. ఈ కొత్తది నాకు బాగా నచ్చింది, మా ఆవిడకి అస్సలు నచ్చలేదు, హోటల్‌కి వచ్చేదాకా అదే వాదన.

హోటలేమో గార్ ద లెస్ట్ రైల్వే స్టేషన్ దగ్గర తీసుకున్నాం. ఫొటోలో చూపించిన గదిలో సగం కూడా లేదు, లిఫ్టులో ఒక మనిషీ ఒక సూట్‌కేసూ పడితే గొప్ప. అయినా మళ్ళీ వెళ్తే ఆ చుట్టుపక్కలే దిగుతాను, 7వ నంబర్ మెట్రో ఎక్కితే నేరుగా ఒపెరా స్టేషన్, ఇటు లా షపెల్ వైపు నడిస్తే శ్రీలంక తమిళుల హోటళ్ళలో దోసెలు.

ఇంకొకటి, ఒపెరా వెనకే ఉన్న గాలెరీ లఫాయెత్ అనే పెద్ద షాపు మేడ మీదికి ఎక్కండి, ఉచితం. అక్కణ్ణుంచి చూస్తే ఆకుపచ్చ గోపురం, పక్కనే స్టేజి కప్పు కొన మీద చేతులెత్తి వీణలాంటి బంగారు లైర్ పట్టుకున్న గ్రీకు దేవుడు అపోలో.